సమాధుల తోటకు మెరక

కోడూరు,
ఏప్రిల్ చివర.

చిరంజీవి డేవిడ్ రాజుకు, బావ సుందరరాజు ఆశీస్సులు, వాటి వెనకే కొంచెం కోపం.

ఫోన్లో నాతో మాట్లాడితే నీకు వంతు రాదని అలిగావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఎక్కడ కావాలంటే అక్కడ ఆగి తిట్టుకో, నాకు వినపడదు.

విషయం మీ అక్క గురించి. పోయిన వానాకాలం మన సమాధుల తోట మోకాలి లోతు మునిగింది. చుట్టూ రొయ్యల చెరువుల వాళ్ళు గట్లు ఎత్తుకున్నారు. ఊరు మనకి ఎప్పుడూ పల్లమే ఇచ్చింది. ఇళ్ళకీ పల్లమే, సమాధులకీ పల్లమే. ఇప్పుడు ఆ పల్లంలోకి ఉప్పునీళ్ళు కూడా వదిలింది. మీ అక్క కృపాకుమారి పేరున్న రాయి సగం నీళ్ళలో ఉంటే గొడుగేసుకుని గట్టు మీద నిలబడ్డాను. ఇంట్లో చెంబెడు నీళ్ళు ఒలికితే పరుగున వచ్చి తుడిచే మనిషిరా.

పంచాయతీలో అడిగితే "పోయినోళ్ళకి మెరక తోలించే పద్దు లేదండీ" అన్నారు. ఉన్నవాళ్ళకి ఏ పద్దు ఉందో చూపించమన్నాను. బయటికి దారి చూపించారు. పొక్లెయిన్లు, టిప్పర్లు అన్నీ చెరువుల దగ్గరే ఉన్నాయి.

మీ నాన్నగారు కాలవ పనుల వేలంలో కొన్న స్క్రేపరు మీ దొడ్లో ఉంది కదా, ఆ చక్రాల ఇనుప తొట్టె. ట్రాక్టరు వెనక తగిలిస్తే దాని కింది బ్లేడు మట్టిని చెక్కి తొట్టెలోకి తీసుకుంటుంది, మోసుకెళ్ళి పలచగా పరుస్తుంది. డ్రెయిను పక్కన పాత మట్టిదిబ్బ ఉంది, నాకు కొత్త ట్రాక్టరు ఉంది. వానలు పడేలోపు తోట మొత్తం ఎత్తు చేస్తాను. ఇవ్వు.

మీ అక్క భర్తగా ఇంకా మిగిలి ఉన్న,
సుందరరాజు.

తా.క. ఇవ్వనంటే కారణాలు రాయి. జవాబులు ముందే రాసి పెట్టుకున్నాను.

*

పెదపారుపూడి.

పూజ్యులైన బావగారికి డేవిడ్ రాజు వందనాలు.

ఆ స్క్రేపరులో మా గేదెలు కుడితి తాగుతున్నాయి. నాన్న పోయాక దానికి అంతకంటే మర్యాద జరగలేదు. తీసుకెళ్ళండి. గేదెలకి మీరే నచ్చజెప్పుకోండి, వాటికి మీ వాదన కొత్త.

అయితే ఒక మాట. అక్క పోయిన రోజే చెప్పాను, పెదపారుపూడి తీసుకొచ్చి నాన్న పక్కన పెడదామని. "ఆమె పాఠాలు చెప్పింది కోడూరు పిల్లలకి, ఆమె ఊరు కోడూరే" అని పెట్టె దగ్గర నిలబడి ఉపన్యాసం ఇచ్చారు. ఏడ్చే ఆడవాళ్ళు కూడా ఏడుపు ఆపి విన్నారు. ఇప్పుడేమైంది? ఇక్కడ మా తోట మెరక. చీమ కూడా తడవదు. అంత మట్టి మోసే బదులు అక్కనే ఇటు తీసుకురండి.

మీ మాట ఎన్నడూ నెగ్గనివ్వాలనుకోని, ఎప్పుడూ ఓడిపోయే,
డేవిడ్ రాజు.

తా.క. తొట్టె అడుగున నాన్న కళ్ళజోడు దొరికితే పంపండి. అప్పట్లో గేదెని అనుమానించాం.

*

కోడూరు.

చిరంజీవి డేవిడ్ రాజుకు,

మీ అక్క ఎక్కడికీ రాదు. ఆ చర్చ ముగిసింది.

స్క్రేపరు గుడివాడ మీదుగా బందరు చేరింది. ప్రతి సెంటర్లోనూ ఒకడు ఆపి "ఏంటండీ ఇది, ఫిరంగా?" అన్నాడు. పాతకాలంలో ఈ తొట్టెని ఇనుప తాడు ఎత్తేది, దించేది. నా ట్రాక్టరుకి ఆ తాడు చుట్టే మర లేదు. బందరు మెకానిక్కు సైఫుల్లా తాడు పీకేసి, ట్రాలీలు ఎత్తే జాకీ బిగించాడు. ఆ జాకీ ఎత్తుతుంది గానీ కిందికి నొక్కదు. మే నెల నల్లమట్టి సంగతి తెలుసుగా, బ్లేడు దాని మీద జారిపోతుంది తప్ప దిగదు.

దమ్ము చేసిన చేలో చదును చెక్క మీద మనిషి నిలబడతాడు కదా, అలా బరువు కోసం జనాన్ని తొట్టె అంచుల మీద నిలబెట్టాను. పాస్టరు గారు కూడా ఎక్కారు. తొట్టె నిండగానే కేకేయడానికి నాట్ల ముఠా మేస్త్రి నాగమల్లేశ్వరి నా పక్కన మడ్‌గార్డు మీద కూర్చుంది. బ్లేడు దిగింది! నల్లటి మట్టి పొరలు పొరలుగా లేచి లోపలికి వచ్చింది. "కుమారీ, చూడు!" అని గట్టిగా అరిచాను. వెనకున్న వాళ్ళంతా తలలు దించుకున్నారు. అప్పుడు గుర్తొచ్చింది.

ఉంటాను. దుమ్ములో ఉన్నాను.
సుందరరాజు.

తా.క. కళ్ళజోడు దొరికింది. ఒక అద్దం లేదు. మీ గేదె నిర్దోషి అని నేను వాదించలేను.

*

పెదపారుపూడి.

సుందరరాజు గారికి,

గుడివాడ బస్టాండులో మనవాళ్ళు ఫోటో చూపించారు. ట్రాక్టరుకి బంతిపూల దండ, మీ పక్కన పట్టుచీరలో ఒకావిడ, వెనక మా నాన్న స్క్రేపరు మీద చేతులెత్తిన జనం, పాస్టరు గారు సహా. ఉత్తరంలో బరువు కోసమని రాస్తారా! పెళ్ళి ఊరేగింపుకి బరువెందుకండీ?

చేసుకోండి. రెండో పెళ్ళి తప్పనను, మీ ఉపన్యాసాలు విని పెరిగినవాణ్ణి. కానీ మా అక్కని పక్కన పెట్టుకుని సమాధుల తోటలోనా ఊరేగడం? వచ్చే వారం మనుషులతో వస్తాను. అక్కనీ స్క్రేపరునీ తీసుకెళ్తాను.

ఇక ఏమీ కాని,
డేవిడ్ రాజు.

తా.క. పెళ్ళి కానుకగా స్టీలు బిందె బస్సులో వేశాను. కోపంలో కొన్నది, కాస్త సొట్ట ఉంటుంది.

*

కోడూరు.

ఒరేయ్ డేవిడూ,

నాగమల్లేశ్వరి మొగుడు పోతయ్య నీ ఫోటోలోనే ఉన్నాడు, పాస్టరు గారి భుజం పట్టుకుని పడిపోకుండా నిలబడ్డవాడు. అది పట్టుచీర కాదు, పాలియెస్టరు. దండ షోరూమువాళ్ళు వేసింది, విప్పే తీరిక నాకు లేకపోయింది. పేదోళ్ళు నలుగురు నవ్వుతూ ఒక బండి ఎక్కితే అది పెళ్ళే అయ్యుండాలా? పని చేస్తూ నవ్వకూడదా? దీని మీద నీకు పెద్ద ఉత్తరమే రాయాలి. ఇప్పుడు కాదు.

సైఫుల్లా కిందికి కూడా నొక్కే జాకీ మార్చాడు. ఎవరూ ఎక్కే పని లేకుండా పోయింది. ఒక్కొక్క ఇంటివాళ్ళు వచ్చి రాళ్ళు పీకి పట్టుకున్నారు, నేను మట్టి పరిచాను, వాళ్ళు రాళ్ళు మళ్ళీ నాటుకున్నారు. తోట మొత్తం అయిపోయింది.

మీ అక్క దగ్గర తప్ప.

నిండు తొట్టెతో వెళ్ళాను. లివరు మీద చెయ్యి కదల్లేదు. ఆమెని సమాధి చేసిన రోజు పిడికెడు మట్టి వేయడానికే ఇద్దరు నా మోచెయ్యి పట్టుకున్నారు. ఇప్పుడు తొట్టెడు మట్టి ఎలా వేయనురా? ట్రాక్టరు వెనక్కి తిప్పేశాను. మర్నాడు వేద్దామనుకున్నాను. ఆ మర్నాడూ అంతే.

నిన్న మొదటి వాన పడింది. తోటలో ఎక్కడా చుక్క నిలవలేదు. నాలుగు పక్కల నుంచీ జారి ఆమె మీదికే చేరింది. ఊరందరికీ మెరక చేసి, మీ అక్కకి బావి తవ్వాను. నువ్వు పంపిన బిందెతో నీళ్ళు తోడి పోస్తూ కూర్చున్నాను. తోడిన కొద్దీ ఊరుతున్నాయి.

నువ్వన్నదే నిజం. వచ్చి తీసుకెళ్ళు. మీ నాన్న పక్కన పొడిగా ఉంటుంది.

బావ.

తా.క. ఇందులో వాదన లేదు. వెతక్కు.

*

పెదపారుపూడి.

బావా,

అక్కని తీసుకురావడానికి ఇక్కడ చోటు లేదు. మా తోట పక్కన లేఅవుటు వేసి రోడ్డు ఎత్తు చేశారు, వాన నీళ్ళన్నీ తోటలోనే నిలుస్తున్నాయి. నాన్న రాయి మీద పేరు చదవాలంటే సంక్రాంతి దాకా ఆగాలి. చీమ కూడా తడవదన్నాను, అది నిజమే. చీమలు ఎప్పుడో వెళ్ళిపోయాయి. అక్క ఇటు వస్తే ఆవిడ వెనకే మీరూ వస్తారనుకున్నాను. అక్క ఉన్నప్పుడు మన ఇంట్లో ఎంత గొడవగా ఉండేది! ఇప్పుడు మా ఇంట్లో గేదెలు కూడా అరవడం లేదు.

శనివారం పొద్దున బస్సుకి వస్తాను. అక్క మీద మట్టి నేను వేస్తాను. మిషను వద్దు, గంపతో వేస్తాను. మీరు అటు తిరిగి నిలబడండి. అయ్యాక చెప్తాను.

తర్వాత స్క్రేపరు తగిలించుకుని నాతో రండి. నాన్న మీద మట్టి పోయడం నావల్ల కావడం లేదు, రెండేళ్ళుగా పార పట్టుకెళ్ళి తిరిగొస్తున్నాను. మీరైతే పోయగలరు. చర్చి వదిలి రిజిస్ట్రారాఫీసులో అక్కని పెళ్ళి చేసుకున్నారని ఆయన బతికినన్నాళ్ళూ మీ నోట్లో మట్టి కొట్టాలనే చూశాడు. మీ చెయ్యి వణకదు.

మీ బావమరిది,
డేవిడ్.

తా.క. అయినా మెల్లగా పోయండి. మీరంటే ఆయనకి ఇష్టమే. మీకు చెప్పొద్దన్నాడు.