తువాలు కట్టిన స్టాపు

మార్చి 4
ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్ మూడోసారి పెట్టాను. ఈ రూట్లో ఇంకో ఏడాది కండక్టరుగా చేస్తే నాకు పిచ్చి ఖాయం. ఇవాళ నలభై నిమిషాలు లేటు. దారి పొడుగునా ఇళ్ల గేట్లకి ఎర్ర తువాళ్లు. గేటుకి తువాలు కట్టి ఉంటే, ఆగండి, వస్తున్నాం అని అర్థం. ఎవరు పెట్టారో ఈ రూలు, డ్రైవరన్న మాత్రం చచ్చినా తప్పడు. ఆగితే లోపల్నుంచి ఆసామి చొక్కా గుండీలు పెట్టుకుంటూ తీరిగ్గా వస్తాడు. నా తలప్రాణం తోకకొస్తుంది.

మార్చి 5
కళ్లద్దాల అవ్వ ఇవాళ కూడా కిటికీలోంచి గుడ్ల బుట్ట నా ఒళ్లో పెట్టింది. చివరి స్టాపులో ఆవిడ చెల్లెలు అందుకుంటుంది. మర్నాడు ఖాళీ బుట్ట వెనక్కొస్తుంది. అక్కాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసి నాలుగేళ్లయిందట. ఇద్దరికీ మోకాళ్లు అరిగిపోయాయి, బస్సు మెట్టెక్కలేరు. బుట్ట వచ్చిందంటే మనిషి బాగున్నట్టే.

బుట్టకి టికెట్ కొట్టనా అని వెటకారంగా అడిగాను. సీటిస్తే కొట్టు, నీ ఒళ్లోనేగా కూర్చుంది అంది అవ్వ.

మార్చి 9, ఉదయం 6
డిపో నుంచి కబురు. బుధవారం ఒక ఆఫీసరు మా బస్సులో వస్తాడు. ఎంతమంది ఎక్కుతున్నారో చూసి, రూటు ఉంచాలో తీసెయ్యాలో రాస్తాడు. తీసేస్తే నాకు టౌన్ సర్వీసు ఇస్తానని మేనేజరు స్వయంగా చెప్పాడు. ఎగిరి గంతెయ్యాలి. కాఫీ మూడుసార్లు కాచుకుని మూడుసార్లూ చల్లార్చేశాను.

మార్చి 10
అన్ని స్టాపుల్లోనూ చెప్పాను. పెద్దాఫీసరు వస్తున్నాడు, మూటలూ కోళ్లూ తేకండి, తోసుకోకండి, నా పరువు తియ్యకండి అని. ఎందుకొస్తున్నాడో చెప్పలేదు. అడిగితే చెప్పేదాన్నే. ఎవరూ అడగలేదు.

మార్చి 11
ఒక్క గేటుకీ తువాలు లేదు. స్టాపులన్నీ ఊడ్చి నీళ్లు చల్లి ఉన్నాయి. రంపం మిల్లుకి రోజూ ఇరవై మంది ఎక్కేవాళ్లు, ఇవాళ ఒక్కరూ లేరు. ఆఫీసరు స్టాపుకో సున్నా వేసుకుంటున్నాడు. మలుపు తిరిగాక కనపడ్డారు మిల్లు వాళ్లు, పొలం గట్టు మీద వరసగా నడిచిపోతూ. బస్సుని చూసి సంబరంగా చేతులూపారు. ఆయనకి ఇరుకు కాకూడదని బస్సంతా ఆయనకే వదిలేశారు.

రోజూ ఇంతేనా అని అడిగాడు ఆఫీసరు. ఇంజను మోతలో డ్రైవరన్నకి వినపడి ఉండదు.

ఊఁ అన్నాను.

సాయంత్రం 5
ఆఫీసరు మిల్లు దగ్గరే దిగి జీపెక్కి వెళ్లిపోయాడు. చివరి స్టాపులో అవ్వ చెల్లెలు నిలబడి ఉంది. అవ్వ బుట్ట పంపలేదు. నా ఖాళీ చేతులు చూసి ఆవిడ స్తంభం పట్టుకుని కూలబడింది. మీ అక్క బాగుంది, ఆఫీసరు వస్తున్నాడని బుట్ట పంపలేదంతే అని ఒట్టేసి చెప్పినా నమ్మలేదు.

తిరుగు ట్రిప్పులో అవ్వ గేటు దగ్గరే ఉంది. నా చెయ్యి పట్టుకుంది.

"ఆఫీసరుగారు సుఖంగా కూర్చున్నారామ్మా?"

కూర్చున్నారన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మార్చి 13
డిపోకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. రిపోర్టు పైకి వెళ్లిపోయిందట. నువ్వు కోరుకున్నదే కదా అని మేనేజరు నవ్వాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను.

మార్చి 20
రూటు రద్దు.

మార్చి 31
ఆఖరి ట్రిప్పు. ప్రతి గేటుకీ తువాలు ఉంది. డ్రైవరన్న అన్నిచోట్లా ఆపాడు. చాలామంది ఎక్కలేదు, ఊరికే చూసి వెళ్లారు. గంటన్నర లేటు. నేను గడియారం చూసుకోలేదు.

అవ్వ బుట్ట ఇచ్చింది. వెనక్కి తేవాల్సిన పని లేదట, చెల్లెల్నే ఉంచుకోమని చెప్పాలట. ఒళ్లో పెట్టుకుని చివరిదాకా ఏడ్చాను.

ఏప్రిల్ 18
టౌన్ సర్వీసు. ఒక మేడ గేటు మీద ఎర్ర తువాలు ఆరేసి ఉంది. బెల్ కొట్టాను. బస్సాగింది. దిగేవాళ్లెవరని డ్రైవరు రెండుసార్లు అడిగాడు. ఆగమన్నాను, వస్తున్నారు.