ఐదో సలహా ప్రకారం

అమ్మా,

రెట్టింపు కంపెనీలో మీరు మూడు లక్షలు పోగొట్టుకున్నట్టు ఇచ్చిన ఫిర్యాదు నమోదైంది. బాధితుల కోసం అచ్చు వేసిన సలహాల పుస్తకం జతపరిచాము. అక్షరం పొల్లుపోకుండా పాటించగలరు.

ఇట్లు,
సహాయాధికారి,
మోసపోయిన మదుపరుల సహాయ విభాగం

*

సహాయాధికారి గారికి కత్తెరక్క నమస్కారాలు.

పుస్తకాన్ని కుట్టుమిషను మీద పెట్టుకుని మూడుసార్లు చదివాను. మొదటి పేజీలోనే మేం అత్యాశ వల్ల మోసపోయామన్నారు. పద్దెనిమిదేళ్లు ఊళ్లోవాళ్ల బట్టలు కుట్టి, అద్దెకున్న ఈ కొట్టుగదిని కొనుక్కుందామనుకోవడం అత్యాశటండీ? నెలాఖరుకి డబ్బు కట్టకపోతే గది ఇంకొకరికి అమ్మేస్తానని ఓనరు భీష్మించుకుని కూర్చున్నాడు. మరి ఆ కంపెనీకి లైసెన్సు ఇచ్చినవాళ్లకీ, రిబ్బను కత్తిరించిన పెద్దమనుషులకీ ఏ పుస్తకం పంపారు? వాళ్ల దగ్గరికొచ్చేసరికి కాగితం చాల్లేదా?

ఐదో సలహా మాత్రం బంగారం. "పోయిన డబ్బు ఇప్పిస్తామని ఉత్తరం రాసి, రుసుము అడిగేవాడు మోసగాడు. జవాబివ్వకుండా వెంటనే మాకు తెలపండి." చింపి గోడకి అంటించాను.

ఉంటాను,
కత్తెరక్క

తా.క.: ఆ రిబ్బను కత్తిరించిన కత్తెర నాదే. అరువు పట్టుకెళ్లి మళ్లీ ఇవ్వలేదు. పోయిన ఆస్తిలో అదీ రాసుకోండి.

*

అమ్మా,

మీ మూడు లక్షలు ఇప్పించే పని మొదలైంది. జతపరిచిన ఫారం నింపి, అడుగున అచ్చయిన ఖాతాలో రుసుము ఐదువందలు కట్టి, రసీదు పంపండి. గడువు పది రోజులు. దాటితే మీ హక్కు పోతుంది.

ఇట్లు,
సహాయాధికారి

తా.క.: కత్తెరకు వేరే ఫారం ఉంది.

*

సహాయాధికారి గారూ,

కొంప మునిగేదే! మీ పేరు పెట్టుకుని ఎవడో నాకు ఉత్తరం రాశాడు. డబ్బు ఇప్పిస్తాడట, ఐదువందలు కట్టాలట! ముద్ర కూడా అచ్చం మీదే, ఓసారి బీరువా తాళాలు చూసుకోండి. ఐదో సలహా ప్రకారం వాడికి జవాబివ్వకుండా మీకు తెలియజేస్తున్నాను.

మీ మేలు కోరే
కత్తెరక్క

తా.క.: వాడెంత మొద్దంటే, రసీదు పంపమని మీ ఆఫీసు చిరునామాయే ఇచ్చాడు. గుమ్మం దగ్గర కాపు కాస్తే దొరికిపోతాడు.

*

అమ్మా,

ఆ ఉత్తరం రాసింది ఎవడో కాదు, నేనే. నేను అసలు అధికారినే. గడువు ఇంకా నాలుగు రోజులే ఉంది. త్వరపడండి.

ఇట్లు,
నిజమైన సహాయాధికారి

తా.క.: మొద్దు అన్న మాట ఫైలుకెక్కింది.

*

ఒరేయ్ దొంగ నాయనా,

జవాబివ్వకూడదని పుస్తకంలో ఉంది. ఇది జవాబు కాదు, తిట్టు. ఆరో సలహా ఏమందో తెలుసా? "మోసగాడు తానే అధికారినంటాడు, గడువు పెట్టి తొందరపెడతాడు." నువ్వు రెండూ ఒకే ఉత్తరంలో చేశావు! నా గది పోతే పోయింది, చెట్టు కింద మిషను వేసుకుంటాను. రెండోసారి మాత్రం వెర్రిదాన్ని కాను. నీ ఉత్తరాలన్నీ ఆఫీసు పెద్ద డైరెక్టరుకి పంపేశాను.

నీ పాలిటి
కత్తెరక్క

తా.క.: బాధితుల్లో నలభైమంది నా దగ్గరే బట్టలు కుట్టించుకుంటారు. కొలతలు తీసుకుంటూ అందరికీ నీ బండారం చెప్పాను. ఒక్కడూ కట్టడు.

*

గౌరవనీయులైన అమ్మగారికి,

ఏ నిబంధన ప్రకారం రుసుము వసూలు చేస్తున్నారని డైరెక్టరుగారు అడిగారు. మూడు రోజులు వెతికాం. అలాంటి నిబంధనే లేదు.

జరిగింది ఇది. రెట్టింపు కంపెనీని జప్తు చేసినప్పుడు దాని ఫారాలు కట్టలకొద్దీ దొరికాయి. వృథా ఎందుకని, పైన వాళ్ల పేరు కొట్టేసి మా ముద్ర వేసి వాడుకున్నాం. అడుగున చూడలేదు. రుసుము మాట వాళ్లదే, జప్తుకి దొరక్కుండా మిగిలిన ఆ ఖాతా కూడా వాళ్లదే. ఇప్పటికి నాలుగు వేలమంది బాధితులు మా మాట నమ్మి ఆ కంపెనీకే మళ్లీ డబ్బు కట్టారు.

మీ ఫిర్యాదు అందాక ఆ ఖాతా మీద నిఘా పెట్టారు. ఇన్నాళ్లూ పరారీలో ఉండి, రుసుములు తీసుకుందామని బ్యాంకుకొచ్చిన కంపెనీ యజమాని కౌంటరు దగ్గరే పట్టుబడ్డాడు. అసలు డబ్బు దాచిన చోటు కూడా చెప్పేశాడు. మొదటి చెక్కు మీదే, జతపరిచాము. నెలాఖరుకి ఇంకా రెండు రోజులుంది. గది కొనుక్కోండి.

వినయంతో,
సహాయాధికారి

తా.క.: రుసుము కట్టి మోసపోయిన ఆ నాలుగు వేలమంది కోసం కొత్తగా ఇంకో సహాయ విభాగం తెరుస్తున్నారు. ఈ మోసం గురించి అందరికన్నా నాకే బాగా తెలుసని, దానికి నన్నే పెద్దని చేశారు.