ఫ్రెంచి షాపు గోడ మీద పేరు లేని ఆవిడ

వదినా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నిన్న దోహాలో ఒక పెద్ద హోటల్లో కొత్తగా తెరిచిన ఫ్రెంచి బట్టల షాపు చూడ్డానికి వెళ్ళాం. గోడ మీద కంపెనీ పెట్టినాయన, కొడుకు, మనవడు, ముగ్గురి ఫోటోలూ పేర్లతో సహా ఉన్నాయి. మొదటి ఫోటోలో ఆయన కుర్చీ పక్కన ఒకావిడ సూది పట్టుకుని నించుంది. ఎవరని అడిగితే అక్కడి ఫిలిప్పీన్స్ అమ్మాయి, "ఓనర్ వైఫ్, మేడమ్. ఫస్ట్ గౌన్లన్నీ ఆమే కుట్టింది" అంది.

"పేరు?"

"నేమ్ మాఫీ, మేడమ్" అని నవ్వింది. మాఫీ అంటే ఇక్కడి అరబ్బీలో లేదని. పేరు లేదట!

ఒళ్ళు మండింది. ఇంటికొస్తే అన్నయ్య పంపిన కార్డులు. బెజవాడలో మన కొట్టుకి పాతికేళ్ళట, ఇక్కడి తెలుగువాళ్ళకి పంచాలట. నాన్న పేరు, అన్నయ్య పేరు, మీ అబ్బాయి పేరు. ఆ కొట్టుకి పేరు తెచ్చిన జాకెట్లు కుట్టింది నువ్వు. వెంటనే ఫోన్ చేశాను.

"అన్నయ్యా, వదిన పేరేదీ?"

"కొట్టు కార్డు మీద ఆడవాళ్ళ పేర్లెందుకే? అదున్నా వద్దనేది."

"ఎప్పుడైనా అడిగావా?" అని పెట్టేశాను.

ప్రతి కార్డు మీదా నేనే రాద్దామని కూర్చున్నాను. మహాలక్ష్మి అని రాయబోయి ఆగిపోయాను. అది పెళ్ళిలో నీ పేరు మార్చి మా అమ్మ పెట్టింది. అంతకుముందు నిన్నేమని పిలిచేవాళ్ళో ఇన్నేళ్ళలో నేనూ అడగలేదు.

మీ తమ్ముడికి ఉత్తరం రాశాను. జవాబు వచ్చేదాకా ఒక్క కార్డూ గడప దాటదు.

నీ ఆడపడుచు
సుభద్ర