డిజైన్లలో తప్పు నీది కాదక్కా

అక్కా, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. చూడవని తెలిసినా నీ నంబరుకే పంపుతున్నా.

నువ్వు పనిచేసిన లేసు కొట్లో కంప్యూటర్ పాడైందని షావుకారు గారు రిపేరుకి నన్ను పిలిచారు. హార్డ్ డిస్క్ కొత్తది వేసినా ఫైళ్ళు చెడిపోతూనే ఉన్నాయంట. ఏ వరసకి ఎన్ని కుట్లో నువ్వు కొట్టిన డిజైన్ ఫైల్ ఒకటి తీసి, పదిసార్లు కాపీ చేశా. రెండు కాపీల్లో అంకెలు మారిపోయాయి. ఎనిమిది ఉన్నచోట తొమ్మిది వచ్చింది. లోపల మెమరీకి రెండు ర్యామ్‌లు ఉన్నాయి. ఒకటి తీసి చూశా, మళ్ళీ అంతే. అది పెట్టేసి రెండోది తీస్తే, ఎన్నిసార్లు కాపీ చేసినా ఒక్క అంకె కూడా మారలేదు.

అప్పట్లో నీ డిజైన్ చూసి అల్లిన టేబుల్ క్లాత్‌లు వంకరొచ్చి అందరూ అల్లినదంతా విప్పుకున్నారు కదా, అది నీ తప్పు కాదక్కా. నువ్వు సరిగ్గానే కొట్టావు.

లేసు అల్లేవాళ్ళంతా అక్కడే కూర్చున్నారు.

"తప్పు అక్కది కాదండి, ఈ ర్యామ్‌దండి" అన్నా మెల్లగా.

"ఏంట్రా గొణుగుతున్నావ్? గట్టిగా చెప్పు" అన్నారు షావుకారు గారు.

అందరికీ వినపడేలా చెప్పా.

వాళ్ళలో కూర్చున్న మంగత్త అల్లిక ఆపేసింది. "అయ్యో, పిల్లకి కళ్ళు నెత్తికెక్కాయని అందరి ముందూ అన్నానే" అంది.

సాయంత్రం మనింటికొచ్చింది. "వదినా, ఆ రోజు నోరు జారాను" అని గుమ్మం బయటే నిలబడిపోయింది.

అమ్మ లోపలికెళ్ళి టీ పెట్టింది. నువ్వు పోయాక ఆ కొట్టువాళ్ళెవరికీ అమ్మ మంచినీళ్ళు కూడా ఇవ్వలేదక్కా.