తాళం వేసిన తలుపు

కడప, హాస్టల్
ఆదివారం

నాయనకు ఎస్తేరు వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ నా ఆరోగ్యం బాగానే ఉంది. నువ్వు, అమ్మ, అవ్వ ఎలా ఉన్నారు? ఆలూరు పక్క వాన పడిందా? అవ్వ కళ్లలో చుక్కల మందు మరిచిపోకుండా వేస్తున్నారా? ఫోన్ ఉండగా ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోన్ చేస్తే స్పీకర్ పెడతారు, పక్కనే అవ్వ ఉంటుంది. ఇది అవ్వ వినకూడదు. నువ్వొక్కడివే చదువు.

ఇక్కడి ఎండ చూస్తే మన ఊరి ఎండే నయమనిపిస్తుంది. వేళకు తింటున్నాను, దిగులు పడొద్దు. చెనక్కాయల పొడి అయిపోయింది. ఇటు ఎవరైనా వస్తుంటే కాస్త పంపించు.

మాది ప్రభుత్వ పాలన చదువు కదా, మూడు నెలల కిందట మమ్మల్ని బద్వేలు దగ్గర ఒక పల్లెకు పంపారు. పింఛను తీసుకునే ముసలివాళ్లు నిజంగా ఆ ఇంట్లోనే ఉంటున్నారో లేదో ఇల్లిల్లూ తిరిగి చూసి రాయాలి. అందరికంటే ముందు నేనే ముగించాను. మా సార్ నా కాగితాలు క్లాసులో ఎత్తి చూపించి, "రాస్తే ఇట్ల రాయాల. ఈ పాప ఆఫీసరయితాది" అన్నాడు. ఆ రోజు నీకు ఫోన్ చేసి ఎంత గొప్పలు చెప్పుకున్నానో!

ఆ ఇళ్లలో ఓబులమ్మ అనే ముసలామె ఇల్లు ఒకటి. తలుపు కొట్టాను. బయట తాళం ఉంది. "ఇక్కడ ఉండటం లేదు" అని రాసి పక్కింటికి పోయాను. ఆ రాతతోనే ఆమె పింఛను ఆగిపోయింది.

మొన్న ఇంకో పని మీద మళ్లీ ఆ పల్లెకే పోతే ఓబులమ్మ కోడలు నన్ను గుర్తుపట్టింది. "కూలికి పోతే ముసల్దాన్ని యాడ ఇడ్సిపెట్టి పోదుమమ్మా? కండ్లు కనపడవు. లోపల పెట్టి తాళమేసి పోతాండాం. పింఛను దుడ్డుతోనే బీపీ మాత్రలు కొంటాంటిమి. నువ్వొచ్చి పోయినాక పింఛనూ లేదు, మాత్రల్లేవు" అంది.

ఓబులమ్మ మంచంలో ఉంది. కుడి చెయ్యి పడిపోయింది. "ఆ పొద్దు తలుపు కొట్టింది నువ్వేనా? నేను పిలిస్తి గదమ్మా. నీకు ఇనపడకపోయింటాదిలే" అంది.

నాయనా, నాకు వినపడింది. లోపలినుంచి "ఎవరమ్మా" అన్న మాట స్పష్టంగా వినపడింది. మిట్టమధ్యాహ్నం, ఇంకా పన్నెండు ఇళ్లు మిగిలి ఉన్నాయి. టీవీ మోగుతోందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. చెనక్కాయలు పీకడానికి పోయేటప్పుడు మనం అవ్వను అలాగే కదా లోపల పెట్టేది. ఆ తాళంచెవి నా మెడలో దారానికే కదా ఉండేది. తెలియక చేశానని చెప్పడానికి నాకు నోరు రాదు.

తప్పు రాసినవాళ్లే కాగితం మీద ఒప్పుకుంటే పింఛను మళ్లీ ఇస్తామని ఆఫీసులో అన్నారు. సార్ నన్ను పక్కకు పిలిచి, "ఇంటి నంబరు పొరపాటయిందని రాయి పాపా. నిజం రాస్తే ఆఫీసు శిక్షణకు నీ పేరు పోదు" అన్నాడు. నేను ఉన్నదే రాశాను. లోపలి మనిషి పిలిచింది, విని కూడా పోయాను అని రాశాను. ఉద్యోగ శిక్షణ జాబితాలోంచి నా పేరు తీసేశారు. సంఘంలో అందరికీ నువ్వు చెప్పుకున్న ఉద్యోగం ఇక వస్తుందో రాదో. తిట్టు నాయనా, పడతాను. పింఛను వచ్చే నెలనుంచి ఇస్తారట. చెయ్యి మాత్రం మళ్లీ రాదని డాక్టర్ చెప్పాడు.

అమ్మకు, అత్తకు, సంఘం పెద్దలకు నా వందనాలు. ప్రార్థనలో నాకంటే ముందు ఓబులమ్మ పేరు చెప్పండి.

ఇంకొక్క మాట. చెనక్కాయల పని మొదలవుతోంది. అవ్వను లోపల పెట్టి తాళం వేయక తప్పదని నాకు తెలుసు. పోయే ముందు సుద్దముక్కతో తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టు నాయనా: లోపల మనిషి ఉంది. నాలాంటి పిల్ల ఎవరైనా కాగితాలు పట్టుకుని రావచ్చు.

మీ ఆశీర్వాదం కోరే కూతురు,
ఎస్తేరు