స్తంభం మీద అభ్యంతరం

పుల్లలచెరువు దగ్గరి పల్లె నుంచి,
ఆదివారం పూజ అయ్యాక

మార్కాపురం స్టూడియో ఖాలిదుకు ఉపదేశి ఏబేలు పెదనాయన దీవించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. క్షేమమని రాయడం ఆనవాయితీ కనుక రాశాను. పెళ్లి నెత్తి మీద కూర్చుంటే క్షేమం ఎక్కడిది? మా ఊళ్లో సెల్లుకు సిగ్నల్ లేదు. సిగ్నల్ కోసం కొండెక్కే ఓపిక నాకు లేదు. అందుకే ఈ ఉత్తరం మార్కాపురం బస్సు డ్రైవరు పోలయ్య చేతికిస్తున్నాను. జవాబు కూడా అతని చేతికే ఇయ్యి.

చనిపోయిన మా తమ్ముడి కూతురు అరుణకుమారికి పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు నిత్యానందం, గిద్దలూరు పెద్దన్న గారి అబ్బాయి. వాళ్లకు చుట్టాలు మెండు. వెలిగండ్ల నుంచి, తర్లుపాడు నుంచి బస్సులు కట్టుకుని వస్తారట. గుడి చాలదని గేటు దాకా పందిరి వేయిస్తున్నాం. పెద్దన్న గారు ఒంగోలు నుంచి ఎగిరే కెమెరా వాళ్లను పిలుస్తామన్నారు. నేను ససేమిరా అన్నాను. "మా పిల్ల నామకరణానికి ఫోటో తీసింది మార్కాపురం అమానుల్లా. ఆయన ఇప్పుడు లేడు, ఆయన కొడుకు ఉన్నాడు, పెళ్లికి వాడే తీస్తాడు" అని చెప్పేశాను. నా పరువు నీ కెమెరాలో ఉంది నాయనా. మూత తీయడం మర్చిపోకు.

నువ్వు మా గుడి పెళ్లి ఎప్పుడూ తీయలేదు కనుక చెబుతున్నాను. పీఠం మెట్టు ఎక్కకూడదు. ఫాదర్ గారికి అడ్డం రాకూడదు. పునీత జోజప్ప విగ్రహం పక్కన నీకొక చోటు చూపిస్తాం. అక్కడ నిలబడి తీసుకోవాలి.

ఇట్లు,
ఏబేలు

తా.క.: నిలబడాలంటే నీ కాళ్ల మీద. పోయినసారి వచ్చినాయన కెమెరా సంచిని జోజప్ప భుజానికి తగిలించాడు.

*

మార్కాపురం

పెద్దలు ఏబేలు పెదనాయనకు ఖాలిద్ సలాం చేసి రాసుకునేది.

మీ ఉత్తరం అందింది. ఒకే చోట నిలబడమన్నారు, చదివినప్పటి నుంచి నాకు కాళ్లు లాగుతున్నాయి. నిలబడితే మా పని సాగదు పెదనాయనా. మిగతా పెళ్లిళ్లలో నేను మండపం ఎక్కి, "స్వామీ, పెళ్లికూతురు కళ్లు మూసింది, తాళి ఇంకోసారి కట్టించండి" అంటే పంతులుగారు మళ్లీ కట్టిస్తారు. మొన్న ఒక అబ్బాయి మూడోసారికి చేయి తిరిగినవాడిలా కట్టాడు. మీ ఫాదర్ గారితో కూడా ముందుగా ఒక మాట చెప్పి ఉంచండి.

పెళ్లి ముందు ఫోటోలు తీయడం అయిపోయింది. పిల్లనూ పిల్లవాడినీ పలకల గని పక్కన రాళ్ల గుట్టల మీద నిలబెట్టి రంగు పొగ వదిలాను. అద్భుతంగా వచ్చాయి. నిత్యానందం మాత్రం నవ్వడం లేదు. నవ్వమంటే భయపడుతున్నాడు.

ఇంకో సంగతి. తాళి కట్టే ఫోటోలో పిల్ల వెనక తల్లి ఉంటేనే నిండుగా ఉంటుంది. నాగవేణి పిన్ని ఎక్కడ కూర్చుంటుందో చెబితే లైటు అటు తిప్పుకుంటాను.

ఇట్లు,
మీ ఖాలిద్

తా.క.: గుడిలో బూట్లు విప్పాలా? మా అమ్మ నూరున్నీసా అడగమంది. నా సాక్సుల సంగతి ఆమెకు తెలుసు.

*

పల్లె నుంచి

చిరంజీవి ఖాలిదుకు,

నీ ఉత్తరం చదివి మంచినీళ్లు తాగి మళ్లీ చదివాను. తాళి ఇంకోసారి కట్టించడమా! మా దాంట్లో ఒకసారి కట్టాడంటే చచ్చేదాకా అంతే. రెండోసారి కట్టిస్తే అది మొదటి పెళ్లో రెండో పెళ్లో తేల్చమని ఫాదర్ గారు బిషప్ గారికి రాసుకోవాలి. కళ్లు మూసుకుంటే మూసుకోనీ. కళ్లు మూసుకుని పెళ్లి చేసుకున్నవాళ్లు మా ఊళ్లో చాలామంది సుఖంగానే ఉన్నారు.

పొగ ఫోటోలు పోలయ్య తన ఫోనులో ఊరంతా చూపించాడు. ముసలమ్మలు "పిల్ల మంటల్లో ఎందుకు నిలబడింది సామీ" అని నా మీద పడి ఏడ్చారు. ఒకామె అది నరకమా అని అడిగింది. ఉపదేశిగా నరకం గురించి ఇన్నేళ్లు చెప్పాను గానీ అది గులాబీ రంగులో ఉంటుందని నేనెప్పుడూ చెప్పలేదు.

నాగవేణి సంగతి నువ్వు అడగొద్దు. ఆమె స్తంభం పక్కన కూర్చుంటుంది. మా తమ్ముడు పోయినప్పటి నుంచి అక్కడే కూర్చుంటోంది. అది మా ఇంటి విషయం.

ఈ ఆదివారం మూడో చాటింపు. పూజలో ఫాదర్ గారు పిల్ల పేరూ పిల్లవాడి పేరూ అందరికీ వినిపిస్తారు. అప్పుడు వచ్చి వెలుతురు చూసుకుని పో.

ఇట్లు,
ఏబేలు

తా.క.: బూట్లు విప్పాలి. అయినా కొత్త సాక్సులు వేసుకో, గిద్దలూరు వాళ్లు కిందికి చూసే రకం.

*

మార్కాపురం

మహా గొప్ప ఏబేలు పెదనాయనకు,

ఆదివారం వచ్చాను. మీరు పాటల హడావిడిలో ఉన్నారు కనుక పలకరించలేదు. నా మనసు నిండిపోయింది పెదనాయనా. ఫాదర్ గారు పేర్లు చదివి, "ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరం తెలిసి ఉంటే తప్పక తెలియజేయాలి, దాచడం పాపం" అన్నారు. అంటూ సూటిగా నా వైపే చూశారు!

ఎన్ని నిఖాలు తీశానో, ఎన్ని పెళ్లిళ్లు తీశానో నాకే లెక్క లేదు. "ఫోటోగ్రాఫరూ, నీకేమైనా ఇబ్బంది ఉందా నాయనా" అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అన్నం తిన్నావా అని కూడా అడగరు. నాకు నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి.

అభ్యంతరాలు రాయడం మా ఇంట్లో అలవాటే. మా వీధి రోడ్డు వెడల్పు చేసినప్పుడు మున్సిపాలిటీ వాళ్లు కూడా ఇలాగే చాటింపు వేశారు. మా అబ్బా రాసిచ్చాడు, మా అరుగు మిగిలింది. అందుకని నేనూ రాశాను. "ఈ పెళ్లికి నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది" అని మొదలుపెట్టి, కారణమంతా విడమర్చి, సంతకం చేసి, కవరు అంటించి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. దాచడం పాపమన్నారు కదా, అందుకని కొంచెం గట్టిగానే రాశాను. ఫాదర్ గారికి అందించండి.

ఇట్లు,
మీ ఖాలిద్

తా.క.: కవరు మీద ఎర్ర ఇంకుతో అర్జెంటు అని రాసింది నేనే. కంగారు పడకండి.

*

పల్లె నుంచి

ఖాలిదుకు,

దీవెనల సంగతి తర్వాత చూద్దాం.

ఎంత పని చేశావురా! కవరు అంటించి ఉంది కనుక నేను చూడకుండా ఫాదర్ గారి చేతిలో పెట్టాను. ఆయన చదివారు, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు. "రాతపూర్వకంగా అభ్యంతరం వచ్చింది. ఇది తేలేదాకా పెళ్లి జరగదు" అన్నారు. అందులో ఏముందో మాత్రం ఎవరికీ చెప్పరు. వచ్చే వారం బుధవారం రెండు ఇళ్లవాళ్లనూ గుడికి రమ్మన్నారు. పెళ్లి ఆ మర్నాడే, గురువారం!

చాటింపులో అభ్యంతరమంటే ఏమిటో నీకు తెలుసా? పిల్లకు ముందే పెళ్లయిందనో, పిల్లవాడికి ఇంకో సంసారం ఉందనో, ఇద్దరూ అన్నాచెల్లెళ్లనో చెప్పడం. మా గుడి కట్టినప్పటి నుంచి ఎవరూ ఒక్కటి కూడా ఇవ్వలేదు. మొదటిది నువ్విచ్చావు, అదీ ఎర్ర ఇంకుతో.

గిద్దలూరు ఉడికిపోతోంది. పెద్దన్న గారి చెల్లెలు బజారులో నిలబడి, "ఫోటో తీసినోడే అడ్డం చెప్పినాడంటే ఏందో ఉంది. ఆ పొగలో ఏం జరిగిందో ఎవురు సూసినారు?" అన్నదట. ఇప్పుడు ఊరూరా నీకూ మా పిల్లకూ ముడిపెట్టి చెప్పుకుంటున్నారు. పందిరి వేసేవాళ్లు సగం వేసి, చేతులు కట్టుకుని నా మొహం చూస్తున్నారు.

ఏబేలు

తా.క.: అరుణకుమారి అద్దం ముందు నుంచి కదలడం లేదు. "ఖాలిద్ అన్నకు నా ముక్కు నచ్చలేదేమో పెదనాయనా" అంటోంది.

*

మార్కాపురం

దయామయులైన ఏబేలు పెదనాయన పాదాలకు,

మీ పిల్ల నాకు చెల్లెలు! నా అభ్యంతరం స్తంభం మీద! మీరు చెప్పిన చోట నిలబడితే పీఠం కనిపిస్తుంది, పిల్ల కనిపిస్తుంది, పిల్లవాడు కనిపిస్తాడు, నాగవేణి పిన్ని మాత్రం స్తంభం వెనక ఉంటుంది. ఎంత వంగినా కొంగు చివర తప్ప ఏమీ రాదు. నేను రాసింది ఇంతే. ఫాదర్ గారికి చదువు వచ్చు కదా, చదివి కూడా ఇదేమి పరీక్ష?

నిత్యానందం నిన్న నా స్టూడియోకు వచ్చాడు. కుర్చీలో కూర్చుని నన్నే చూశాడు. నేను అతన్నే చూశాను. చివరికి పాస్‌పోర్టు ఫోటోలు దిగి వెళ్లిపోయాడు. వాటిలోనూ నవ్వలేదు.

అసలు నా కొంప మునుగుతోంది పెదనాయనా. నాకు గిద్దలూరు జరీనాతో సంబంధం ఖాయమైంది. ఆ పొగ మాట వాళ్ల ఇంటికి కూడా చేరింది. జరీనా అన్న ఫోన్ చేసి, "పొగ ఎవురు పట్టినారు? నువ్వు యాడ నిలబడినావు?" అని పోలీసులా అడిగాడు. అబ్బా లేడు కనుక నా నిఖా రోజున వెనక వంటల దగ్గరే ఉంటానని మా అమ్మ ఎప్పుడో చెప్పింది. ఇప్పుడు నిఖాయే ఉండదేమోనని మంచం ఎక్కింది. జరీనా అంటే నాకు ప్రాణం. ఆ కాగితం వాపసు తీసుకుంటున్నాను. స్తంభం చాలా మంచి స్తంభం అని రాసిమ్మన్నా ఇస్తాను.

ఇట్లు,
నలిగిపోతున్న ఖాలిద్

తా.క.: ముక్కు బాగుందని చెప్పండి. వద్దు, చెప్పకండి. నేను ఏమీ అనలేదని చెప్పండి.

*

పల్లె నుంచి

ఖాలిదుకు,

స్తంభమంటే ఎవరు నమ్ముతారు? ఇచ్చిన కాగితం వాపసు ఉండదని ఫాదర్ గారు చెప్పారు. బుధవారం నువ్వే వచ్చి అందరి ముందూ నిలబడు.

ఏబేలు

తా.క.: కెమెరా తేవద్దు. నిన్ను చూస్తేనే మండిపడుతున్నారు.

ఇంకో తా.క.: కెమెరా తీసుకురా. గుడికి కొత్తగా తెచ్చిన గంటకు ఫోటో కావాలని ఫాదర్ గారు అడుగుతున్నారు.

*

బుధవారం, పోలయ్య బస్సులో నుంచి

ఏబేలు పెదనాయనకు,

మీరు అక్కడే ఉన్నారు, అంతా చూశారు. అయినా రాస్తున్నాను. రాసుకుంటే గానీ జరిగింది నిజమని నాకు నమ్మకం కలగదు. బస్సు ఆగినప్పుడు రాసిన అక్షరాలు చదవండి, కదిలేటప్పటివి వదిలేయండి.

గుడి నిండా జనం. పెద్దన్న గారి చెల్లెలు నన్ను మింగేసేలా చూస్తోంది. ఫాదర్ గారు నా కాగితం తీసి పైకి చదివారు. "పెళ్లికూతురి తల్లి స్తంభం చాటున కూర్చుంటే ఫోటోలో ఆమె ఉండదు. తల్లి కనబడని పెళ్లి ఫోటో తీయడం నా వల్ల కాదు. కాబట్టి ఈ పెళ్లికి నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది" అని చదవడం ముగించారు. పెద్దన్న గారు పకపకా నవ్వారు, దాంతో అందరూ నవ్వారు. అయిపోయిందిలే, బతికాను అనుకున్నాను.

ఫాదర్ గారు నవ్వలేదు. "స్తంభం కదలదు. కదలాల్సింది ఎవరు?" అన్నారు. అందరి తలలూ నాగవేణి పిన్ని వైపు తిరిగాయి.

ఆమె లేచి నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వద్దు ఫాదర్. నేను మొగుణ్ణి పోగొట్టుకున్నదాన్ని. తాళి కట్టేటప్పుడు నా మొగం పిల్లకు ఎదురు రాగూడదు. ఈణ్ణుంచే సూసుకుంటా" అంది.

"అయితే అభ్యంతరం అట్లే ఉంటుంది. పెళ్లి ఉండదు" అన్నారు ఫాదర్ గారు.

పెద్దన్న గారి నవ్వు ఆగిపోయింది. "చెల్లెమ్మా, నీకు దండం పెడతా, ముందుకొచ్చి కూసో! వచ్చేటోళ్లంతా బయల్దేరినారు, వాళ్లకు నేనేం చెప్పేది?" అన్నారు. ఆయన చెల్లెలే వెళ్లి పిన్ని చేయి పట్టుకుని ముందు వరసలో కూర్చోబెట్టింది. అరుణకుమారి పరుగెత్తుకుంటూ వచ్చి తల్లి ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. నాకూ దుఃఖం ఆగలేదు.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. ఇంత చిన్న స్తంభానికి అంత పంచాయితీ ఎందుకు పెట్టారు? "స్తంభం గురించిరా" అని మొదటి రోజే చెప్పి ఉంటే ఇంతమందికి నిద్ర ఉండేది కదా?

ఇట్లు,
మీ ఖాలిద్

తా.క.: నిత్యానందం నా దగ్గరికి వచ్చి నవ్వాడు. కెమెరా సంచిలో ఉండిపోయింది.

*

పల్లె నుంచి,
పెళ్లయిన తర్వాత

మా ఇంటి బిడ్డ ఖాలిదుకు పెదనాయన నిండా దీవించి రాసేది.

ఆల్బమ్ అందింది. ఊరంతా చూసింది. ఇప్పుడు నువ్వు అడిగినదానికి జవాబు చెబుతాను, నువ్వు ఎవరితోనూ అనకు.

ఆ కవరు నేను చూడకుండా ఇవ్వలేదు. ఉడికే అన్నం గిన్నె ఆవిరికి పట్టి తెరిచాను. ముందు నవ్వాను. తర్వాత గిన్నె దగ్గరే కూలబడి ఏడ్చాను. మా తమ్ముడు పోయినప్పటి నుంచి నాగవేణి చేత ఆ స్తంభం వదిలించాలని ఎన్ని విధాల చెప్పానో. "మన మతంలో అట్లాంటిది లేదమ్మా" అంటే, "మతంలో లేదులే బావా, మనుషుల్లో ఉండాది" అనేది. బైబిలు ఎత్తి బోధించేవాణ్ణి, ఆ మాటకు నాకెప్పుడూ జవాబు దొరకలేదు. నువ్వు కాగితం మీద పెట్టి పంపావు.

రెండు మెతుకులతో కవరు అంటించి ఫాదర్ గారికిచ్చి, ఆయన చదివాక "ఇది అభ్యంతరమే కదా ఫాదర్" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "రాతపూర్వకంగా ఉంది కదా" అన్నారు. ఆ తర్వాత మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు. గిద్దలూరు అంత ఉడుకుతుందని నేను అనుకోలేదు. నీ సంబంధం కదిలిందని తెలిసినప్పుడు భయపడ్డాను. అందుకే గురువారం సాయంత్రమే జరీనా అన్నను కలిసి అంతా విప్పి చెప్పాను. నిన్ను తిట్టిన తిట్లలో సగం నటన. పొగ గురించి తిట్టినవి మాత్రం నిజం.

తాళి కట్టే ఫోటోలో నాగవేణి పిల్ల ముసుగు ఎత్తి పట్టుకుని ఉంది. మనిషంతా కనబడుతోంది. కళ్లు మాత్రం మూసుకుంది. అప్పుడు నువ్వు "ఇంకోసారి" అని అరవడానికి నోరు తెరిచి మళ్లీ మూసుకున్నావు, నేను చూశాను. ఆ ఫోటోనే పెద్దది చేయించి పంపు. ఇంటి ముందు గదిలో పెట్టుకుంటాం.

ఇట్లు,
నీ పెదనాయన ఏబేలు

తా.క.: చాటింపులో ఇప్పుడు ఫాదర్ గారు ఒక మాట కలిపారు. "అభ్యంతరాలు వధూవరుల గురించి మాత్రమే. కట్టడం గురించి కాదు."

ఇంకో తా.క.: నీ నిఖాకు పిలుపు అందింది. మీ దాంట్లో అభ్యంతరాలు అడుగుతారో లేదో నాకు తెలియదు. అడగకపోయినా నేనొక కవరు తెస్తున్నాను, దాని మీద కూడా ఎర్ర ఇంకే. మీ అమ్మ వంటల దగ్గర కనబడిందంటే తీసి చదివేస్తాను.