ఇంటిపేరు మారినా

భూపాలపల్లి

ప్రియమైన వదినకు,

ఫోన్ చేస్తే అన్న పక్కనే ఉంటాడని ఉత్తరం రాస్తున్నాను. మొన్న రఘునాథపల్లి వచ్చి దామోదరన్నను చూసినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. చేతులు, భుజాలు వాటంతటవే ఎగిరిపడుతుంటే గ్లాసు పట్టుకోలేక నవ్వేశాడు. మా బాపుకూ ఇదే వచ్చింది. కల్లు ముట్టని మనిషిని ఊరంతా "పొద్దుగాల్నే తాగి ఊగుతున్నడు" అనేది. ఇన్నేళ్లకు దాని పేరు హంటింగ్టన్ అని, వంశంలో వచ్చేదని తెలిసింది.

నిష్ఠూరమైనా చెప్పాలి. మా రంజిత్‌కు మీ రుచితను చేసుకోలేం. మేనరికమని చిన్నప్పుడే అనుకున్న మాట నిజమే. కానీ ఆ రోగం మీ ఇంటిపేరు వెంట పోయేది. పెళ్లితో నేను ఆ ఇంటిపేరు దాటి వచ్చాను. తెలిసి తెలిసి దాన్ని నా ఇంటికి తెచ్చుకోలేను.

నన్ను తిట్టుకో. అన్నకు మాత్రం చెప్పకు.

నీ ఆడబిడ్డ,
సరోజన

రఘునాథపల్లి

ప్రియమైన సరోజనకు,

నీ మాట రుచితకు చెప్పక తప్పలేదు. అది ఏడవలేదు. నన్ను వెంటబెట్టుకుని హైదరాబాదు పోయి రక్తం ఇచ్చి వచ్చింది. అంతకుముందు డాక్టరమ్మ మమ్మల్ని చాలాసేపు కూర్చోబెట్టి మాట్లాడింది. ఈ రోగం ఉన్నవాళ్ల పిల్లల్లో ఎవరికైనా, కొడుకైనా కూతురైనా, సగానికి సగం అవకాశమట. "పెండ్లయి ఇంటిపేరు మారిన ఆడబిడ్డకు గూడనా?" అని అడిగాను. "రక్తానికి ఇంటిపేరేందమ్మా!" అంది.

రుచితకు లేదని తేలింది. నీ మీద గెలిచానని రాయడం లేదు. బాపు నీకూ బాపే కదా. రంజిత్ నాన్నను తోడు తీసుకుని నువ్వూ చూపించుకో. రుచిత మాత్రం ఇంకా రంజిత్ పేరే చెబుతోంది.

నీ మేలు కోరే వదిన,
యాకమ్మ

భూపాలపల్లి

ప్రియమైన వదినకు,

పత్తి ఏరేటప్పుడు నువ్వు రాసినదానికి మిర్చి కోతలప్పుడు జవాబిస్తున్నాను. ముందు కోపం వచ్చింది, తర్వాత భయం. కూర్చుంటే నా కాలు ఊగుతుందని మా ఆయన ఎప్పటి నుంచో "కాలూపకు, ఇంట్ల లచ్చిమి నిలువదు" అని కసురుతూనే ఉన్నాడు. అలవాటే అనుకున్నాను. పరీక్షలో నాకు ఉందని వచ్చింది.

రంజిత్ పరీక్ష వద్దంటున్నాడు. "తెలుసుకుని ఏం జెయ్యాలె? మందున్నదా?" అని అడిగితే లేదనే చెప్పాను. వాడిని బలవంతం చేయను. అందుకే మళ్లీ చెబుతున్నాను, ఈ పెళ్లి వద్దు. ఈసారి నీ బిడ్డ కోసం.

కానీ వదినా, రుచిత నిన్నటి నుంచి ఇక్కడే ఉంది. నా సంగతి రంజిత్ ఫోన్లో చెప్పాడట. స్టేషన్ ఘన్‌పూర్‌లో స్నేహితురాలి ఇంటికని నీకు చెప్పిందట. బస్సు దిగి నేరుగా వంటింట్లోకి వచ్చింది. "మీ అమ్మ పడే కష్టం జూస్తలేవా బిడ్డా? పో" అన్నాను. "చూసిన గాబట్టే వచ్చిన అత్తమ్మా. ఎట్ల జెయ్యాల్నో నాకెరుకే. జర నోరు తెరువు" అంటూ ముద్ద కలిపి అందించింది. తిన్నాను.

పొమ్మని ఇంకోసారి అనలేను. ఈ ఉత్తరం మా ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. అన్న దగ్గర ఆయన ఉంటాడు. నువ్వు వచ్చి పిల్లను తీసుకుపో. దాని చేతి అన్నం నాకు అలవాటు కాకముందే రా.

నీ
సరోజన